ట్రాక్టర్ ఆయిల్ బోటుకు పోస్తే?

దసరా మర్నాడు మా కొట్టంలో మూలకున్న ఆయిల్ బకెట్ మూత తీసి చూస్తూ, "బామ్మర్దీ, ఇది సగం ఉట్టిగనే ఉన్నది గదా, నేను తీసుకపోనా?" అన్నాడు మా బావ. ఆయన హైదరాబాద్ దగ్గర ఒక చెరువులో స్పీడ్ బోటు నడుపుతాడు. పండుగ సెలవులు కదా, ఆదివారం జనం బాగా ఉంటారు. బోటుకు గేర్ ఆయిల్ మార్చాలట. "ఏదన్నా 90 ఆయిల్ పోసి నడిపియ్" అని ఓనర్ చెప్పేశాడట.

నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్. గేర్ల గురించి నన్నడిగేది మా ఇంట్లోవాళ్లే. కానీ ఆ బకెట్ సంగతి మాత్రం నాకు బాగా తెలుసు. అది కొట్టంలో ఎందుకు మిగిలిందో ముందు చెప్పాలి.

మాది కుల్చారం. ఘనపురం ఆనకట్ట నుంచి మంజీర నీళ్లు వదిలితే కరిగెట్ల పని ఒక్కసారే మీద పడుతుంది. ఆ తొందరలో మా నాయిన ట్రాక్టర్ వెనక భాగంలో ఆయిల్ మార్పించాడు. "గేర్ ఆయిల్ అంటే గేర్ ఆయిలే" అని షాపులో ఇచ్చిన 90 ఆయిలే పోయించాడు. మా పాత ట్రాక్టర్‌కు అదే సరిపోయేది. కొత్త దానికి బ్రేకులు కూడా ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. గేర్లు, హైడ్రాలిక్ లిఫ్ట్, బ్రేక్ ప్లేట్లు అన్నీ ఒక్క ఆయిల్ మీదే బతకాలి. అందుకే దానికి వేరే రకం ఆయిల్ ఉంటుంది. మామూలు 90 ఆయిల్‌లో గేర్ పళ్లు జారడం మంచిదే, కానీ బ్రేక్ ప్లేట్లు జారితే ఎట్లా? నాలుగు రోజులకు బ్రేకు తొక్కితే కీచుమనడం మొదలైంది. తర్వాత వడ్ల ట్రాలీతో కాలువ కట్ట దిగుతుంటే బండి ఆగలేదు. నాయిన పక్కనున్న మట్టికుప్ప మీదికి ఎక్కించి ఆపాడు. ఎవరికీ ఏం కాలేదు. నలభై లీటర్లకు పైగా కొత్త ఆయిల్ పారబోసి, మళ్లీ సరైన ఆయిల్ పోయించాం. అప్పుడు వాడకుండా మిగిలిందే ఈ బకెట్.

"నాకు ఆయిల్‌లో బ్రేకులు లెవ్వు గదా" అన్నాడు బావ. నిజమే. బోటుకు అసలు బ్రేకులే ఉండవు. మరి ఆ ఆయిల్ పోస్తే ఏమవుతుంది?

ముందు ఆ '90' సంగతి. ఇంజిన్‌లో పోసేది 40, గేర్లలో పోసేది 90 కాబట్టి ఇది రెండింతలు చిక్కన అని చాలామంది అనుకుంటారు. కాదు. అవి రెండు వేర్వేరు కొలతలు. చెప్పు సైజు 8నీ చొక్కా సైజు 40నీ పక్కపక్కన పెట్టి పోల్చినట్టు ఉంటుంది. 100 డిగ్రీల వేడి దగ్గర 90 గేర్ ఆయిల్ చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటిస్టోక్స్ మధ్య ఉండాలి. 40 ఇంజిన్ ఆయిల్‌ది 12.5 నుంచి 16.3 మధ్య. అంటే రెండూ ఇంచుమించు ఇరుగుపొరుగే. 80డబ్ల్యూ-90, 75డబ్ల్యూ-90 అనే వాటిలో ముందున్న అంకె గడ్డకట్టే చలిలో ఆయిల్ ఎలా పారుతుందో చెప్పేది. మన మెదక్ ఎండలకు దానితో పెద్దగా పనిలేదు.

అసలు తేడా చిక్కదనంలో కాదు, ఆయిల్‌లో కలిపే మందుల్లో ఉంటుంది. గేర్ ఆయిల్ మూత తీయగానే గుప్పుమని కుళ్లు వాసన వస్తుంది చూడండి, అది గంధకం కలిపిన మందుది. రెండు పళ్లు గట్టిగా ఒత్తుకుని మధ్యలో ఆయిల్ పొర తెగిపోయే సమయంలో, ఆ వేడికి ఈ మందు ఇనుము మీద పలుచని పూతలా మారి పళ్లు అరగకుండా కాపాడుతుంది. జీఎల్-4 కన్నా జీఎల్-5లో ఈ మందు ఎక్కువ. ఎక్కువైతే ఇంకా మంచిదే కదా అనుకుంటే అక్కడే దెబ్బ. లోపల ఇత్తడి, కంచు భాగాలుంటే కొన్ని రకాల్లో ఆ గంధకం వాటిని తినేస్తుంది.

బోటు గేర్ల కష్టం ఇంకోరకం. బావ నడిపేది 115 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్. ఇంజిన్ పైన ఉంటుంది. శక్తి నిలువుగా కిందికి దిగి, నీళ్ల అడుగున 90 డిగ్రీలు మలుపు తిరిగి ప్రొపెల్లర్‌కు చేరుతుంది. ఇంజిన్ నిమిషానికి 5, 6 వేల చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ అందులో దాదాపు సగం తిరుగుతుంది. ఆ మలుపు దగ్గర పిడికెడు గేర్లే మొత్తం బరువు మోస్తాయి. బోటు అల మీద ఎగిరినప్పుడు ప్రొపెల్లర్ గాలిలోకి లేస్తుంది, ఇంజిన్ ఒక్కసారి గొంతు పెంచుతుంది, మళ్లీ నీళ్లలో పడగానే ఆ దెబ్బంతా గేరు పళ్ల మీదే. దీనంతటికీ పట్టే ఆయిల్ లీటరు కూడా ఉండదు. ట్రాక్టర్‌లో నలభై లీటర్లున్న చోట చిన్న తప్పు సర్దుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు.

పైగా ఆ గేర్ల డబ్బా ఎప్పుడూ నీళ్లలోనే మునిగి ఉంటుంది. బయటి నీటికీ లోపలి ఆయిల్‌కీ మధ్య ఉండేది రబ్బరు సీళ్లే. అందుకే బోటు ఆయిల్‌లో తుప్పు పట్టకుండా మందు ఎక్కువ వేస్తారు. కొద్దిగా నీళ్లు వచ్చినా, ఆ చుక్కలు బేరింగుల మీద నిలిచిపోకుండా ఆయిల్‌లో కలిసిపోయేలా చేస్తారు. మామూలు 90 ఆయిల్‌ను తయారుచేసింది ఈ పనికి కాదు.

ఇంజిన్ బోటు లోపల, గేర్లు బయట ఉండే స్టెర్న్‌డ్రైవ్‌లైతే శక్తి రెండు మలుపులు తిరగాలి. కొన్నింటిలో గేరు మార్చే క్లచ్ కూడా ఆ ఆయిల్‌లోనే ఉంటుంది. మా నాయిన బ్రేకుల కథే అక్కడా. ఆయిల్ మరీ జారుడైతే క్లచ్ పట్టదు. అందుకే మెర్క్యురీ తన డ్రైవ్‌లకు సొంత మెరైన్ గేర్ ఆయిలే పోయమంటుంది, వోల్వో పెంటా చాలా మోడళ్లకు 75డబ్ల్యూ-90 సింథటిక్ జీఎల్-5 పోయమంటుంది. ఒకరిది తప్పు, ఒకరిది ఒప్పు అని కాదు. డబ్బాలో ఉన్న సామాను వేరు. ఏది మంచి ఆయిల్ అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. నీ మోటారు పుస్తకంలో ఏం రాసుంది అని ఎదురు అడుగుతాను.

ఇదంతా చెప్పాక బావను ఒకటే అడిగాను. "పాత ఆయిల్ ఎట్లొచ్చింది బావా?"

"చాయ్ లెక్కొచ్చింది. తెల్లగ, నురగ నురగగ."

అప్పటిదాకా మేం మాట్లాడుకున్నదంతా పక్కకు పోయింది. ఆయిల్ పాలు కలిపిన చాయ్‌లా వచ్చిందంటే లోపలికి నీళ్లు వెళ్తున్నాయని అర్థం. ఇక ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా సీలు మారకపోతే మళ్లీ చాయే.

"చేపల వల గానీ, గాలం దారం గానీ పంకాకు చుట్టుకున్నదా ఈ మధ్య?"

బావ కాసేపు ఆలోచించాడు. "రెండు వారాల కింద చుట్టుకున్నది. కోసి పడేసిన."

పైకి కనిపించే దారం కోసేశాడు. ప్రొపెల్లర్ వెనక, షాఫ్టు చుట్టూ కొంత మిగిలి ఉంటుంది. సన్నని నైలాన్ దారం తిరుగుతూ తిరుగుతూ సీలును కత్తిలా కోస్తుంది. ప్రొపెల్లర్ విప్పితే గానీ అది కనపడదు.

"ఆదివారం నడపకు బావా" అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. నడపకపోతే ఆ రోజు కూలి పోతుంది, ఓనర్‌తో మాటలు పడాలి. నాకు ఆ సంగతి తెలియక కాదు. నిండా జనంతో చెరువు నడుమ గేర్లు పట్టేస్తే తాడు కట్టి లాక్కొచ్చేదాకా అక్కడే ఉండాలి. సాయంత్రం గాలివాన వచ్చిందంటే? మా అక్క అప్పటిదాకా వింటూ ఉంది. "ఓనర్‌కు నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అంది.

బావే ఫోన్ చేశాడు. కొంచెం గట్టిగానే మాటలయ్యాయి.

సోమవారం మెకానిక్ ప్రొపెల్లర్ విప్పి ఫొటో పంపాడు. షాఫ్టు చుట్టూ మూరెడు ఆకుపచ్చ దారం. సీళ్లు మార్చి, గాలి పట్టించి ఎక్కడా కారడం లేదని చూశాకే ఆయిల్ పోశారు, అదీ కింది రంధ్రం నుంచి పై రంధ్రంలో బయటికి వచ్చేదాకా. పైనుంచి పోస్తే లోపల గాలి చిక్కుకుని, నిండినట్టే కనిపిస్తుంది గానీ నిండదు. మరలకు వాషర్లు కూడా కొత్తవే వేశారు. పాత మర చివరనున్న అయస్కాంతానికి సన్నని బూడిద లాంటి పొడి అంటుకుని ఉంది. అది మామూలే. పెంకుల్లాంటి ముక్కలైతే గేర్లు పోయినట్టే.

పుస్తకం ప్రకారం ఏడాదికోసారి గానీ 100 గంటలకోసారి గానీ ఆయిల్ మార్చాలి. వారం తర్వాత కింది మర కొంచెం వదులు చేసి రెండు చుక్కలు చూడమన్నాను. బావ అరచేతిలో పట్టి ఫొటో పెట్టాడు. తేనె రంగులో ఉంది.

బకెట్ ఇంకా మా కొట్టంలోనే ఉంది. పాత ట్రాక్టరున్న పక్కింటాయన అడుగుతున్నాడు.