బహుళ మాడ్యూళ్ళ ప్రాజెక్టు

ఒక పెద్ద సాఫ్టువేరును చిన్న చిన్న భాగాలుగా విభజించి, వాటన్నింటినీ ఒకే మూల ఫోల్డరు క్రింద అమర్చి, కలిపి నిర్మించే పద్ధతిని బహుళ మాడ్యూళ్ళ ప్రాజెక్టు అంటారు. ఒక్కొక్క భాగాన్ని మాడ్యూలు అంటారు. ఒక మాడ్యూలులో మరికొన్ని ఉపమాడ్యూళ్ళు కూడా ఉండవచ్చు.

ఉదాహరణ

కోనసీమలోని పలివెలలో ఒక కొబ్బరి వర్తకుని లెక్కల కోసం జావా భాషలో సాఫ్టువేరు తయారు చేస్తున్నారనుకుందాం. మూల ఫోల్డరులో "సరుకు", "చెల్లింపులు", "తెరలు" అనే మూడు మాడ్యూళ్ళు, "తెరలు"లో "వెబ్", "మొబైల్" అనే ఉపమాడ్యూళ్ళు ఉంటాయి. ధర లెక్కించే సూత్రం "చెల్లింపులు"లో ఒక్కచోటనే ఉండాలి. దానిని రెండు తెరలలోనూ విడివిడిగా వ్రాసి, ఒకదానిని మాత్రమే సవరిస్తే, రైతుకు ఒకచోట ఒక మొత్తం, మరొకచోట వేరొక మొత్తం కనిపిస్తుంది.

మావెన్‌లో అమరిక

2005లో విడుదలైన మావెన్ 2లో ప్రతి మాడ్యూలుకు పోమ్ అనే వివరణ ఫైలు ఉంటుంది. మూల పోమ్‌లో మాడ్యూళ్ళ జాబితా, పిల్ల పోమ్‌లో దాని మాతృ పోమ్ పేరు వ్రాస్తారు. ఈ రెండూ వేర్వేరు సంబంధాలు. మొదటిది ఏయే మాడ్యూళ్ళను కలిపి నిర్మించాలో చెబుతుంది. రెండవది సంచిక సంఖ్య వంటి అమరికలను వారసత్వంగా అందిస్తుంది. ఉపమాడ్యూళ్ళు కలిగిన "తెరలు" వంటి మాడ్యూలు రకాన్ని కూడా "పోమ్" అనే పేర్కొనాలి.

నిర్మాణ క్రమాన్ని ఆధారాలను బట్టి మావెన్ నిర్ణయిస్తుంది. "చెల్లింపులు" "సరుకు"పై ఆధారపడితే "సరుకు" ముందుగా తయారవుతుంది. రెండూ పరస్పరం ఆధారపడితే నిర్మాణం ఆగిపోతుంది. అప్పుడు రెండింటికీ కావలసిన భాగాన్ని మూడవ మాడ్యూలులోకి మార్చడం సాధారణ పరిష్కారం.

అభివృద్ధి పరికరాలలో

ఎక్లిప్స్‌లో ఒక్కొక్క మాడ్యూలు ఒక్కొక్క ప్రాజెక్టుగా చేరుతుంది. ఈ ప్రాజెక్టులు చాలాకాలం ఒకే వరుసలో కనిపించేవి. 2015లో వెలువడిన మార్స్ సంచికలో వాటిని ఒకదానిలో ఒకటిగా చూపే సదుపాయం వచ్చింది. పిల్ల ప్రాజెక్టు ఫైళ్ళు మాతృ ప్రాజెక్టులోనూ కనిపించడం వలన, వెతికినప్పుడు ఒకే ఫైలు రెండుసార్లు రావచ్చు. ఇంటెల్లిజే ఐడియాలో ఒకే ప్రాజెక్టులో అనేక మాడ్యూళ్ళు ఉంటాయి. విజువల్ స్టూడియోలో అనేక ప్రాజెక్టుల సముదాయాన్ని సొల్యూషన్ అంటారు.

పరిమితులు

ప్రతి చిన్న భాగాన్నీ మాడ్యూలుగా విడదీస్తే వివరణ ఫైళ్ళు పెరిగి నిర్వహణ కష్టమవుతుంది. విడిగా నిర్మించవలసిన లేదా ఇతర భాగాలు ఉమ్మడిగా వాడుకొనే భాగాలను మాత్రమే మాడ్యూళ్ళుగా ఉంచడం మేలు.