కిరీటంతో ఊరూరా తిరిగిన దావులూరి వారి అమ్మాయి

2013 సెప్టెంబరు 15వ తేదీ రాత్రి అమెరికాలో అట్లాంటిక్ సిటీ అనే సముద్రపు ఒడ్డు పట్టణంలో నీనా దావులూరి తలమీద మిస్ అమెరికా కిరీటం పెట్టారు. మనకప్పుడు సోమవారం ఉదయం. విజయవాడలో ఆమె అమ్మమ్మగారి ఇంటికి విలేఖరులు వరుస కట్టారు. దావులూరు పేరుతో మన వైపు ఊళ్లున్నాయి గనుక, ఇంటిపేరు చెవిన పడగానే ‘మన పిల్లే’ అనుకున్నవాళ్లు కృష్ణా తీరాన తక్కువేమీ కాదు. భారత సంతతి యువతికి ఆ కిరీటం దక్కడం అదే మొదలు.

సరిగ్గా ఆ గంటలోనే అమెరికాలో వేరే మాటలు పుట్టాయి. ట్విట్టరులో కొందరు ఆమెను అరబ్బు అన్నారు, ఉగ్రవాది అన్నారు. ఇది అమెరికా అమ్మాయికి దక్కాల్సిందని ఏడ్చినవాళ్లూ ఉన్నారు. ఆమె పుట్టింది న్యూయార్కు రాష్ట్రంలోని సిరక్యూస్‌లో. డాక్టరు గారి కూతురు. మిచిగన్ విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకుంది. ఇంతకంటే అమెరికా అమ్మాయి ఎలా ఉంటుందో ఆ తిట్టినవాళ్లే చెప్పాలి. విలేఖరులు కదిపితే, వీటిని దాటుకుని పైకి పోవాలనీ, తాను అన్నింటికన్నా ముందు అమెరికన్‌నేననీ ఆమె బదులిచ్చింది. తిట్లకు తిట్లు జవాబివ్వలేదు.

అందాల పోటీ అనగానే మన పల్లెల్లో పెద్దలు మొహం తిప్పుకుంటారు. అందులో వారి తప్పూ లేదు. ఆ రోజుల్లో ఈ పోటీలోనూ ఈత దుస్తుల్లో నడిపించేవారు. ఆ భాగాన్ని 2018లో ఎత్తివేశారు. అయితే మిస్ అమెరికా పద్ధతి కొంత వేరు. గెలిచిన పిల్లకు చదువుకోసం 50 వేల డాలర్ల ఉపకార వేతనం వచ్చింది. అంతేకాదు, పోటీకి దిగే ప్రతి అమ్మాయీ ఏదో ఒక ప్రజా సమస్యను తనదిగా చేపట్టాలి. గెలిస్తే ఏడాది పొడుగునా దాని గురించి దేశమంతా తిరిగి మాట్లాడాలి. నీనా చేపట్టింది భిన్న సంస్కృతులవాళ్లు ఒకరినొకరు తెలుసుకుని మసలుకోవడమనే విషయం. ఆ ఎంపిక తిట్లకు ముందే జరిగింది. తిట్టినవాళ్లు ఆమె పనికి బలం చేకూర్చారన్నమాట.

పాత నిబంధన

ఈ పోటీ 1921లో మొదలైంది. 1930ల్లో దీని నిబంధనల్లో, పోటీదారు తెల్లజాతి స్త్రీ అయి ఉండాలని రాసిపెట్టుకున్నారు. ఆ నిబంధన పోయాక కూడా నల్లజాతి యువతి ఆ వేదిక ఎక్కడానికి 1970 దాకా పట్టింది. నల్లజాతి నుంచి మొదటి విజేత వనెస్సా విలియమ్స్, 1983లో.

అంతకుముందు 1945లో బెస్ మైర్సన్ అనే యూదు యువతి గెలిచింది. యూదురాలని తెలిసి, ఆమెతో ప్రచారం చేయించుకోవడానికి కొన్ని కంపెనీలు వెనకడుగు వేశాయి. ఆమె ఆ పర్యటనలు మానుకుని బడుల వెంట తిరిగి జాతి ద్వేషానికి వ్యతిరేకంగా ఉపన్యాసాలిచ్చింది. 1969లో న్యూయార్కు నగరంలో వినియోగదారుల వ్యవహారాల కమిషనరయింది. తూకంలో మోసం చేసే వర్తకుల సంగతి చూడడం కూడా ఆమె ఉద్యోగంలో భాగమే! మైర్సన్, విలియమ్స్, నీనా ముగ్గురూ న్యూయార్కు వారే కావడం ఒక విశేషం.

నెలకు 20 వేల మైళ్లు

మిస్ అమెరికాకు ఏడాది పాటు సొంత ఇల్లంటూ ఉండదు. ఒకటి రెండు రోజులకో ఊరు. నెలకు దాదాపు 20 వేల మైళ్లు తిరుగుతారని నిర్వాహకుల లెక్క. నీనా బడులకు, కళాశాలలకు వెళ్లింది. పిల్లల ఆసుపత్రుల కోసం విరాళాలు కూడగట్టే సభలకూ వెళ్లింది.

ఆమె చెబుతూ వచ్చిన సంగతి వినడానికి చిన్నదే. ఎదుటివాడి ఆచారం గురించి అడగడం తప్పు కాదు, అడిగే తీరులో మర్యాద ఉండాలి. తెలిసినవాళ్లు ఓపికగా చెప్పాలి. పెద్దలు కుదిర్చిన పెళ్లే చేసుకుంటావా అని చిన్నతనంలో తననూ అడిగేవారట. అడిగినవాళ్ల మీద ఆమె కోపం పెట్టుకోలేదు, కాకపోతే అది అపోహ అని చెప్పింది. మిస్ అమెరికా అంటే పక్కింటి అమ్మాయి అని అక్కడ ఒక నానుడి. దేశం మారుతున్నకొద్దీ ఆ పక్కింటి అమ్మాయి రూపమూ మారుతుందని నీనా వాదన. పోటీలో ఆమె చేసింది హిందీ సినిమా పాటకు నృత్యం. చిన్ననాడు నేర్చినవి కూచిపూడి, భరతనాట్యం. కూచిపూడి వారు దీనికి సంతోషించారో నొచ్చుకున్నారో గాని, 53 మందిలో అలాంటి ఆట ఆడింది ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

ఈ పర్యటనల్లో ఒక తమాషా జరిగింది. 2014 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో యార్క్ దగ్గర ఒక హైస్కూలుకు వెళ్లి, భిన్నత్వం గురించీ సైన్సు, లెక్కల చదువుల గురించీ మాట్లాడింది. ప్రశ్నలు అడగమన్నప్పుడు ఒక కుర్రవాడు లేచి, బడిలో జరిగే నృత్య విందుకు తనతో వస్తావా అని అడిగేశాడు. వద్దని ముందే హెచ్చరించినా వినలేదని బడివారు మూడు రోజులు శిక్ష వేశారు. సంగతి తెలిసి నీనా, పర్యటనల వల్ల తాను రాలేననీ, ఆ శిక్ష గురించి మరోసారి ఆలోచించమనీ బహిరంగంగా కోరింది. అల్లరి చేసిన పిల్లవాడి తరఫున మాట్లాడడం ఆమె పనుల జాబితాలో లేదు.

మన ఇంట్లో రంగు

అమెరికా వారి జాతి ద్వేషాన్ని మన పత్రికలు బాగానే ఖండించాయి. ఆ వెంటనే మన దేశంలోనే ఒక ఇబ్బందికరమైన ప్రశ్న లేచింది: ఈ చామనఛాయ పిల్ల ఇక్కడి పోటీకి వస్తే గెలిచేదా? పెళ్లిచూపుల్లో పిల్ల చదువు కంటే ముందు రంగు అడిగే ఇళ్లు మన జిల్లాలోనూ ఉన్నాయి. పసిపిల్లకు సున్నిపిండి రుద్దుతూ ‘తేరుకుంటుందిలే’ అనే మాట వినని ఇల్లు అరుదు. ఆ మాటలో ప్రేమే ఉంటుంది. పిల్ల మనసులో మిగిలేది మాత్రం ప్రేమ కాదు.

2014 సెప్టెంబరు 14న నీనా కిరీటం తన తర్వాతి విజేతకు అప్పగించింది. రెండు వారాలకు, 28న, న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ప్రధాని నరేంద్ర మోదీకి ప్రవాస భారతీయులు జరిపిన సభకు ఇద్దరు వ్యాఖ్యాతల్లో ఒకరుగా నిలిచింది. ఆ తర్వాత ఆమె పట్టుకున్నది ఈ రంగు సంగతే. ‘కాంప్లెక్షన్’ అనే డాక్యుమెంటరీ చేపట్టింది. తెల్లబరిచే క్రీముల వ్యాపారానికి వ్యతిరేకంగా గొంతెత్తింది. అలాంటి గొంతులు చాలా కలిశాక, 1975 నుంచి మన కొట్లలో అమ్ముడైన ‘ఫెయిర్ అండ్ లవ్‌లీ’ 2020లో తన పేరులోని ‘ఫెయిర్’ తీసేసి ‘గ్లో’ అని పెట్టుకుంది.