మూలల్లో పూలు, కడుపులో బియ్యం

యల్లాపుర నుంచి హళియాళ వైపు వెళ్లే దారిలో, టేకు చెట్ల మధ్య ఓ పెంకుటిల్లు. వసారాలో దండెం మీద వేలాడుతున్నవి దుప్పట్లనుకున్నాను. దగ్గరికెళితే ఒక్కోదానిలో ఇంటిల్లిపాదీ కట్టి విడిచిన బట్టలు: చీర అంచు, బడి చొక్కా జేబు, లుంగీ గళ్లు.

సిద్దీలు వీటిని ‘కవంది’ అంటారు. మన బొంతే. కాకపోతే మా అమ్మమ్మ కుట్టిన బొంత చుట్టాలొస్తే అటకెక్కేది, ఇక్కడ అదే ముందు కనిపిస్తుంది.

ఉత్తర కన్నడ అడవుల్లోని సిద్దీల పూర్వీకులు ఆఫ్రికావాళ్లు. పోర్చుగీసువాళ్ల కింద గోవాలో బానిసలుగా ఉండి, తప్పించుకుని ఈ కొండలెక్కినవాళ్లు వాళ్లలో చాలామంది. మన హైదరాబాదులోని ఏసీ గార్డ్స్ పేట పేరులోని ‘ఏ’ కూడా ఆఫ్రికాదే, నిజాం ఆఫ్రికన్ అశ్వదళానిది. సిద్దీల్లో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ముగ్గురూ ఉన్నారు. కవందిలో శిలువో నెలవంకో కనిపిస్తే అది ఎవరింటిదో పోల్చుకోవచ్చు.

ఆ ఇంటావిడ పాత చీర నేలమీద పరిచి ఒక మూల పట్టుకుంది. అక్కణ్నుంచి అంచుల వెంబడి చుట్టూ తిరుగుతూ, ముక్క మీద ముక్క మడిచి కుడుతూ లోపలికి వస్తుంది. గీసుకున్న నమూనా లేదు, టేపు లేదు. సన్నటి కుట్లు వరసలు వరసలుగా పొరలన్నిటినీ పట్టేస్తాయి.

“ఎరుపు పక్కన ఏ రంగు వేయాలో ఎలా తెలుస్తుందక్కా?”

“చేతికి ఏది దొరికితే అది.”

నేను నమ్మలేదు. మూటలోంచి నాలుగు ముక్కలు తీసి మూడు పక్కన పడేయడం చూశాను మరి.

నాలుగు మూలలా మడతలు పెట్టిన ముక్కల్ని ‘ఫుల’ అంటారు, పువ్వులన్నమాట. అవి లేని కవంది ఒంటిమీద బట్టలేనట్టేనట. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ చెప్పింది.

అమెరికన్ కళాచరిత్రకారుడు హెన్రీ డ్రూవల్ వీటి గురించి రాశాక బయటివాళ్లూ కొంటున్నారు. ధర అడగడానికి నాకు మొహమాటమైంది. చెప్పడానికి ఆమెకు కాలేదు.

నడుమ ఆఖరి ముక్క మూసేముందు లోపలికెళ్లి గుప్పెట్లో బియ్యం తెచ్చింది. నాలుగు గింజలు లోపల పెట్టి కుట్టేసింది. కవంది కడుపు నిండాలట. మిగిలినవి వాకిట్లో కోడికి విసిరింది.