ఆశ్వయుజ పౌర్ణమినాటి సర్కారు దినము

మహనీయుని పేర నొక దినమును నియమించుట ప్రభుత్వమునకు కష్టమైన కార్యము కాదు. ఆ దినము సేద్యగానికేమి తెచ్చునన్నదే మా విచారణ.

ఆదిలాబాదు అడవుల గోండువీరుడు కొమురం భీము పన్నెండు గూడెములవారిని కూడగట్టి, తాము నరికి దున్నిన భూమి తమదేయనియు, పశువుల మేతకు పన్ను చెల్లింపమనియు నిజాము ప్రభుత్వమునెదిరించి, 1940లో జోడేఘాటువద్ద పోలీసుల తుపాకులకు బలియయ్యెను. తేదీని గూర్చి గ్రంథకర్తలు వాదులాడుదురుగాని గోండులకు సందేహము లేదు. అది ఆశ్వయుజ శుద్ధ పౌర్ణమి. తెలంగాణ రాష్ట్రమేర్పడిన 2014లో ముఖ్యమంత్రి జోడేఘాటునకు వచ్చి స్మారకమును ప్రకటించిరి. సర్కారువారును వర్ధంతిని తిథినిబట్టియే జరుపుచున్నారు. కావుననే 2023లో అక్టోబరు 28న వచ్చిన దినము 2024లో 17వ తేదీనే వచ్చినది. కాళోజీ జన్మదినమైన సెప్టెంబరు 9 భాషాదినముగా ఏటేట కదలక నిలుచును. ఇది చంద్రునితో కదలును. కచేరీ గుమాస్తాలకు కొంత చిక్కు కావచ్చును. అయినను, తలచుకొనువారి లెక్కనే సర్కారు అంగీకరించుట మాకు మిక్కిలి సంతోషము.

ఆనాడచ్చట దర్బారు జరుగును. అధికారులు అర్జీలు పుచ్చుకొందురు. పూలమాలలకంటె మాకిదియే ముఖ్యము. ఏలయన భీము తగవు నేటికిని పూర్తిగా తీరలేదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము ప్రకారము, 2005 డిసెంబరు 13కు పూర్వమునుండి పోడు సేద్యము చేయు గిరిజనునికి 4 హెక్టారులవరకు, అనగా సుమారు పదెకరములకు, హక్కుపత్రము దొరకును. అది వారసులకు చెందును, అమ్ముటకు వీలులేదు. 2023 జూన్ 30న ఆసిఫాబాదులోనే పోడు పట్టాల పంపిణీ ప్రారంభించిరి. అందనివారును గలరు. కాగితము లేనివానికి సొసైటీలో పంట అప్పు పుట్టుట దుర్లభము; సావుకారి గడపయే గతి. కరీంనగరు వైపు సభ్యులకిది దూరపు తగవని తోచవచ్చును. వారిలోను పాసుపుస్తకము లేని కౌలుదార్లు లేకపోలేదు, వారి పాట్లును ఇట్టివే.

పౌర్ణమి పత్తి తీతల దినములలో వచ్చును గనుక ఇంటికొకరు పోయిన చాలును. ఐతే వట్టి చేతులతో పోరాదు. అర్జీ మొదట గ్రామసభకు చేరవలయును. దాని నకలును, గ్రామసభ తీర్మానపు నకలును దర్బారునకు గొనిపోవలయును. గ్రామసభ గాని, సబ్ డివిజను కమిటీ గాని అర్జీని త్రోసివేసినచో పై కమిటీకి 60 దినములలో అప్పీలు చేయవచ్చును. నోటిమాటగా కాదన్నారని మరలివచ్చువారే ఎక్కువ; వ్రాతపూర్వకముగా ఉత్తరువు అడిగి తీసికొనుడు, అందుపై తేదీ వేయించుకొనుడు.