తొమ్మిదో ప్రశ్న

పత్తి మునిగిన ఏడు సర్వేకొచ్చినోళ్లు మా చిన్నమ్మను అడిగిండ్రు: నిద్ర పడుతుందా? బతుకబుద్ధి అయితుందా? రాసుకొని పోయిండ్రు. మళ్ల ఎవ్వలూ రాలే.

అమెరికాల, బోస్టన్‌ల బెన్సన్-హెన్రీ ఇన్‌స్టిట్యూట్ ఉన్నది. ధ్యానం, శ్వాసతోని మనసు, ఒళ్లు ఎట్ల తట్టుకుంటయో పరిశోధిస్తరు. ఇసొంటి పరిశోధనల పేరు డాక్టర్లది. సంతకానికి ముందు పేషెంటుకు సమజ్ చేసేది, ఫోన్ చేసి అడిగేది మాత్రం క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్. శానామంది కొత్తగ డిగ్రీ అయిన పిల్లలే.

వాళ్ల చేతుల తరచు ఉండే కాయితం పీహెచ్‌క్యూ-9. గడిచిన 2 వారాల మీద 9 ప్రశ్నలు. ఆఖరుది చావు ఆలోచన గురించి. 'అవు' అంటే టిక్కు కొట్టి పక్కకు పెట్టొద్దు, అప్పుడే డాక్టర్‌కు చెప్పాలె. గదే అసలు నౌకరీ.

తమ్ముడూ, చెల్లె, మిమ్మల్నెవరన్న స్టడీల చేరమంటే ముందు అడుగుండ్రి: నా జవాబు ఎవరు చూస్తరు, ఎప్పుడు చూస్తరు? నడుమల మానుకునే హక్కు మీది. మానుకున్నా వైద్యం ఆపొద్దు.