ఆట యెవరిది? అంగడి యెవరిది?

వేసవి మధ్యాహ్నములందు మన యిండ్లలో అమ్మమ్మలు పరచెడి వైకుంఠపాళీ పటము నెఱుగని తెలుగువారుండరు. తమిళదేశమున స్థిరపడిన మనవారు దానినే పరమపదసోపానమందురు. గవ్వలు వేయుదురు, నిచ్చెన దొరికిన నెక్కుదురు, పాము నోట బడిన దిగుదురు. ఆ పామునందొక సుగుణము కలదు. మ్రింగుటకు ముందుగాని, మ్రింగిన పిమ్మటగాని, "నలువది రూపాయలిచ్చిన నిన్ను విడిచెదను" అని యది యెన్నడును అనలేదు. వైకుంఠము చేరగానే ఆట ముగియును. పటము చుట్టి మూలబెట్టుదురు. పిల్లలు అన్నమునకు లేతురు.

నేటి బాలుని చేతిలోని ఆట అట్టిది కాదు. అందలి పాము బేరమాడును. నిచ్చెన అద్దెకు దొరకును. వైకుంఠమో, మాసమునకొకసారి కొంచెము దూరము జరుగుచుండును.

"మావాడు పిలిచిన పలుకడు, ఫోను విడువడు" అని తల్లిదండ్రులు చెప్పుకొనుట మనము వినుచునే యున్నాము. బాలునకు మనోనిగ్రహము కొఱవడినదను నింద ఆ మాటలయందు దాగియుండును. నిందించుటకు ముందు, ఆ ఆటను నిర్మించినవారెవరు, ఏ తలంపుతో నిర్మించిరి, వారికి ధనమెట్లు వచ్చును అను మూడు సంగతులు తెలిసికొనుట న్యాయము. వానిని వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఆ మహాపరిశ్రమపట్ల వ్యాసకర్తకు భయభక్తులు కొంచెము తక్కువ యని చదువరులు ముందుగనే గ్రహింతురుగాక!

1972వ సంవత్సరమున అమెరికాలో అటారీ అను కంపెనీ "పాంగ్" అను ఆటయంత్రమును వెలువరించినది. తెరమీద రెండు గీతలు, ఒక చుక్క. గీతతో చుక్కను కొట్టుటయే ఆట. నాణెము వేసినగాని యంత్రము పలుకదు. 1978లో జపానునందు టైటో కంపెనీవారి "స్పేస్ ఇన్వేడర్స్" వచ్చినది. అందు ఆకాశమునుండి దిగివచ్చు శత్రువులకు అంతము లేదు. ఒక దండు నశించిన మఱియొక దండు సిద్ధము. ఎంత నిపుణుడైనను తుదకు ఓడవలసినదే. ఏలయన, ఓడనివాడు మరల నాణెము వేయడు గదా! ఆటగాడు త్వరగా ఓడవలెను. కాని "ఇంచుకలో తప్పినది, ఈసారి గెలిచెదను" అనుకొనునట్లు ఓడవలెను. ఈ పరిశ్రమ దిద్దుకొన్న ఓనమాలు ఇవియే. తరువాతి యేబది సంవత్సరములలో యంత్రము మాఱినది, నాణెము మాఱినది, ఓనమాలు మాత్రము మాఱలేదు.

నడుమ కొంతకాలము ఆటలను పుస్తకములవలె ఒకేసారి వెలయిచ్చి కొని, ఇంటిలో ఆడుకొను పద్ధతి ప్రబలినది. అందు కొనువానికొక అధికారము కలదు. బాగులేని సరకును అతడు కొనడు. 1982లో అటారీవారు ఒక ప్రసిద్ధ చలనచిత్రము పేరిట "ఈ.టీ." అను ఆటను అయిదాఱు వారములలో తయారుచేయించి అంగడిలో పెట్టిరి. జనులు కొని, చూచి, మొగము త్రిప్పుకొనిరి. అమ్ముడుపోని సరకును 1983లో న్యూమెక్సికో రాష్ట్రమునందలి ఆలమొగోర్డో ఊరివెలుపల గోతిలో పూడ్చిరి. 2014లో త్రవ్వి చూడగా అవి నిజముగనే బయటపడినవి. చెడ్డ ఆటకు అంత్యక్రియలు జరిగిన ఆ కాలమే మేలని యిప్పుడు తోచుచున్నది.

ఇక పలువురు కలసి యాడు ఆటల కథ వేఱు. 1978లో ఇంగ్లండునందలి ఎసెక్సు విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా అను విద్యార్థి మొదలిడిన ఆటను రిచర్డు బార్టిల్ పెంపొందించెను. దాని పేరు "మడ్". బొమ్మలు లేవు, సమస్తమును అక్షరములే. 1996లో బార్టిల్ ఆటగాండ్రను నాలుగు తెగలుగా విభజించి ఒక వ్యాసము వ్రాసెను. బిరుదులు కూర్చుకొనువారు, మూలమూలలు వెదకువారు, ముచ్చటలకై వచ్చువారు, ఇతరులను ఏడిపించి సంతోషించువారు. ఈ నాలుగు తెగలును మన తరగతి గదులలోను కలవనియు, నాలుగవ తెగ తఱచుగా వెనుకబల్లమీద కూర్చుండుననియు ఉపాధ్యాయులు చెప్పగలరు.

నిర్మాత తలచినది వేఱు, ఆటగాడు చేయునది వేఱు అనుటకు 1997లో వెలువడిన "అల్టిమా ఆన్‌లైన్" మంచి యుదాహరణము. అందు గడ్డిని మేయు జంతువులు, వానిని తిను మృగములు, ఇట్లు ఒక సహజారణ్యమును నిర్మాతలు కల్పింప దలచిరి. ఆటగాండ్రు లోనికి రాగానే కనబడిన ప్రాణినెల్ల చంపివేసిరి, అడవి శూన్యమైనది, ఆ యేర్పాటును తీసివేయవలసి వచ్చినది. ఆ ఆటకు కర్తయైన రిచర్డు గారియట్ తానే రాజవేషమున ప్రజలకు దర్శనమియ్యగా, ఒక ఆటగాడు నిప్పు కురిపించి ఆ రాజును చంపెను. చావులేని వరమును తనకు తానిచ్చుకొనుట ఆ దినము సృష్టికర్త మఱచెనట! ఇంతవరకు నవ్వుకొనదగిన కథయే.

ఆటగాని మనస్సు చదువుట నిర్మాతలు నేర్చుకొన్న పిమ్మట కథ మలుపు తిరిగినది. 2004లో "వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్" వచ్చినది. మాసమునకింత యని చందా కట్టి ఆడవలెను. ఆటగాండ్రు విశ్రాంతి లేక ఆడకుండుటకై, పరీక్షాదశలో నిర్మాతలొక నియమము పెట్టిరి. కొంతసేపైన పిమ్మట ఆటగాని కబ్బు ఫలము సగమగును. ఆటగాండ్రు మండిపడిరి. అంతట నిర్మాతలు లెక్కను చెడగొట్టక పేరు మార్చిరి. సగమును "సామాన్య ఫలము" అనిరి. పూర్వపు పూర్ణఫలమును "విశ్రమించి వచ్చినవానికి రెట్టింపు బహుమానము" అనిరి. అంకెలవే, ఆగ్రహము పోయి ఆనందము వచ్చినది! ఇది సదుద్దేశముతో చేసినదే. కాని మాట మార్చి మనస్సును త్రిప్పు ఈ విద్య మంచికి పనికివచ్చినట్లే, పాకెట్టును ఖాళీచేయుటకును పనికివచ్చును.

పిమ్మట "ఉచితము" అను మాయాశబ్దము వచ్చినది. 2009లో జింగా కంపెనీవారి "ఫార్మ్‌విల్" లక్షలకొలది జనులను రైతులుగా జేసినది. విత్తుట ఉచితము, కోయుట ఉచితము. కాని చెప్పిన వేళకు రాకున్న పైరు వాడిపోవును. నిజమైన పొలమున వానకై రైతు ఎదురుచూచును. ఇందు రైతుకై పొలము గడియారము పట్టుకొని కూర్చుండును. 2012లో వచ్చిన "కాండీ క్రష్" నందు అయిదు ప్రాణములిత్తురు. అవి తీరిన, ఒక్కొక్క ప్రాణము మరల వచ్చుటకు అరగంట కావలెను. వేచియుండుము, లేదా స్నేహితులను యాచింపుము, లేదా డబ్బు చెల్లింపుము. వెల కట్టబడిన వస్తువు ఆట కాదు, పిల్లవాని అసహనము.

ఈ తమాషాను చూచి సహింపలేక, అమెరికాలోని ఆచార్యుడు ఇయన్ బోగోస్టు 2010లో "కౌ క్లికర్" అను పరిహాసపు ఆటను రచించెను. తెరమీద ఒక ఆవు నిలిచియుండును. దానిని ఆఱు గంటలకొకసారి నొక్కవలెను. అంతియే! పాలు లేవు, పెరుగు లేదు, దూడ లేదు. ఇట్టి ఆటల నిస్సారతను జనులు గ్రహింతురని యతని తలంపు. జనులు గ్రహింపలేదు, ఆవును నొక్కిరి. ఏబది వేలకు పైగా జనులు నొక్కిరి. అతడు విసిగి, అదే ఆవును వేఱొక దిక్కునకు త్రిప్పి ఎక్కువ వెల కట్టగా, దానిని కొన్నవారును ఉండిరి. తుదకు 2011లో ఆవులనన్నిటిని మాయము చేసి, ఖాళీస్థలమును మాత్రము విడిచెను. కొందరు ఆ ఖాళీస్థలమును నొక్కుట మానలేదు. లేని ఆవును పితుకువారిని సామెతలలో విన్నాము. ఇచ్చట కంటితో చూచితిమి. అయినను నవ్వుటకు ముందు ఒక ప్రశ్న. పెద్దవారు, చదువుకొన్నవారు, పరిహాసమని తెలిసిన ఆటను విడువలేకపోగా, పదేండ్ల బాలుడు నిజమైన నైపుణ్యముతో అల్లిన వలను ఎట్లు తెంచుకొనగలడు?

ఆ వలలోని బలమైన త్రాడు "లూట్ బాక్సు". లూట్ అను ఆంగ్లపదము మన దేశపు "లూటీ" నుండియే సీమకు పోయినది. ఇప్పుడు వడ్డీతో తిరిగివచ్చినది. డబ్బిచ్చి మూసిన పెట్టెను కొనవలెను. లోపల రత్నముండవచ్చును, రాయి యుండవచ్చును. హార్వర్డు విశ్వవిద్యాలయపు మనోవిజ్ఞానశాస్త్రజ్ఞుడు బి. ఎఫ్. స్కిన్నరు పావురములతో చేసిన పరీక్షలలో ఒక సంగతి స్థిరపడినది. ఎన్ని పోట్లకు గింజ వచ్చునో తెలియనపుడే పావురము విడువక మీటను పొడుచును. పేకాటశాలల యంత్రములకును, ఈ పెట్టెకును సూత్రమొక్కటియే. 2017లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీవారి "స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2" నందు, వెలయిచ్చి ఆటను కొన్న పిమ్మట సైతము ముఖ్యపాత్రలకై పలుగంటలు శ్రమింపవలసి వచ్చెను. ఇది యేమని యడుగగా, సాధించితిమను గర్వము కలుగుటకే యట్లు చేసితిమని కంపెనీ సెలవిచ్చినది. ఆ యుత్తరమునకు ఆఱు లక్షలకు పైగా అసమ్మతులు పడినవి. 2018లో బెల్జియము దేశపు జూద నియంత్రణసంఘము, వెల గొని యమ్ము ఇట్టి పెట్టెలు జూదమేనని తీర్మానించినది.

మోసపు మీటల సంగతియు కలదు. "ఫోర్ట్‌నైట్" ఆటను నడపు ఎపిక్ గేమ్స్ కంపెనీ, పిల్లల వివరములను పెద్దల అనుమతిలేక సేకరించినదనియు, తికమక పెట్టు మీటలవలన కోరని కొనుగోళ్లు జరిగినవనియు అమెరికా వాణిజ్యసంఘము ఆరోపింపగా, 2022 డిసెంబరులో 52 కోట్ల డాలర్లు చెల్లించుట కంగీకరించినది. ఇక ఈ సొమ్ము ఆటలు వ్రాయు శిల్పులకైన దక్కుచున్నదా? 2023 అక్టోబరులో మైక్రోసాఫ్టు సుమారు 6,900 కోట్ల డాలర్లకు ఆక్టివిజన్ బ్లిజార్డును కొన్నది. 2024 జనవరిలో తన ఆటల విభాగమునుండి 1,900 మందిని తొలగించుచున్నట్లు ప్రకటించినది. ఈ వైకుంఠపాళిలో నిచ్చెనలు కంపెనీకి, పాములు కొలువుదారులకు!

ప్రభుత్వములును మేల్కొన్నవి. చీనాదేశము 2021లో పదునెనిమిదేండ్లలోపు వారికి శుక్ర, శని, ఆదివారములందును సెలవుదినములందును రాత్రి ఎనిమిది మొదలు తొమ్మిది వఱకు మాత్రమే ఆన్‌లైను ఆటలకు అనుమతించినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆటల వ్యసనమును రోగముల పట్టికలో చేర్చినది. ఆ పట్టిక 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. మన దేశమున 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెపు ఆన్‌లైను ఆటలను నిషేధించు చట్టము చేసినది. మంచిదే. కాని చట్టము పందెమును ఆపగలదు. ఆవును నొక్కు వేలిని ఆపలేదు. ఆ పని యింటివారిది.

ఆటలన్నియు చెడ్డవని ఈ వ్యాసకర్త యనడు. 1984లో మాస్కోనగరమున అలెక్సీ పజిత్నోవ్ రచించిన "టెట్రిస్" బుద్ధికి సానపట్టు ఆట. 2021లో జాష్ వార్డిల్ లోకమున కిచ్చిన "వర్డిల్" దినమునకొక్క మాటనే యడిగి, రేపు రమ్మనును. చాలునని చెప్పగల ఆట సంస్కారముగల ఆట. కావున బిడ్డచేతినుండి ఫోను పెరికికొనుటకు ముందు ప్రక్కన కూర్చుండి, నాయనా, ఈ ఆట ఎట్లాడుదురో నాకు నేర్పుము అని యడుగుడు. ఆడుచు నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. ఈ ఆటకు ముగింపు కలదా? ఒక దినము రాకున్న బిడ్డ కేదైన నష్టమా? వెల ముందుగా తెలిసిన వస్తువునే అమ్ముచున్నారా, మూసిన పెట్టెనా? తోడి యాటగాండ్రు తెలిసినవారేనా? రెండవ, మూడవ ప్రశ్నలకు సమాధానము చెడ్డదైన, అది ఆట కాదు, అంగడి. కొనుగోలునకు రహస్యసంకేతము పెట్టి, దానిని మీయొద్దనే యుంచుకొనుడు. అన్నిటికంటె ముఖ్యముగా, ఈ వలను ఎట్లల్లిరో బిడ్డకే వివరించి చెప్పుడు. తన్ను పావురముగా నెంచినారని తెలిసిన పిల్లవానికి రోషము వచ్చును. ఆ రోషము మన మందలింపుకంటె బలమైనది.

అన్యభాషాప్రాంతమున నివసించు మనకు సాయంకాలపు గంట మఱియు ప్రియమైనది. వీధిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో పలికి వచ్చిన బిడ్డ, అమ్మతోను తాతతోను తెలుగు పలుకు గంట అదియే. ఆ గంటను లేని ఆవునకు మేపుట తగదు. అటుకమీది వైకుంఠపాళీ పటమును దింపి దుమ్ము దులుపుడు. గవ్వలు లేకున్న చింతగింజలు చాలును. పాము మ్రింగినపుడు బిడ్డ కొంచెము అలుగును. కాని ఆట ముగియును, అన్నమునకు లేచును.