బతుకమ్మకు బంతి: నాటిన తొలి పదిహేను రోజుల నీటి యాజమాన్యం

ఉత్తర తెలంగాణలో బంతి కోత తేదీని నిర్ణయించేది రైతు కాదు, పంచాంగం. భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుండి ఆశ్వయుజ శుద్ధ అష్టమి నాటి సద్దుల బతుకమ్మ వరకు తొమ్మిది రోజులు, ఆ వెంటనే దసరా. పూలకు గిరాకీ అధికంగా ఉండే కాలమిదే. తంగేడు, గునుగు గట్ల మీద, చెలకల్లో వాటంతటవే పూస్తాయి. బంతిని మాత్రం నారు పోసి, నాటి, సాకవలసి ఉంటుంది.

ఎంగిలిపూల రోజు 2023లో అక్టోబరు 14న, 2024లో అక్టోబరు 2న, 2025లో సెప్టెంబరు 21న వచ్చింది. ఆఫ్రికన్ బంతి రకాలు నాటిన సుమారు 50-60 రోజులకు పూతకు వస్తాయి. ఈ లెక్కన 2023లో ఆగస్టు రెండో వారం అనువైన నాటు సమయం కాగా, 2025లో అది జూలై మూడో వారానికి జరిగింది. మెక్సికోలో పుట్టిన ఈ మొక్కను అక్కడ నవంబరు 1, 2 తేదీలలో జరిపే పితృదేవతల పండుగకు పండిస్తారు. వారి తేదీ మారదు, మనది ఏటా మారుతుంది. నాటిన తరువాత పది రోజులు ఎదుగుదల నిలిచిన మొక్క తొమ్మిది రోజుల పండుగను పూర్తిగా కోల్పోవచ్చు. కాబట్టి నారు బ్రతికితే చాలదు, ఆగకుండా నిలదొక్కుకోవాలి.

ఒకే వాన, రెండు నేలలు

ఈ మండలంలో సాలీనా 900-1150 మి.మీ. వర్షం కురుస్తుంది. అందులో అధిక భాగం జూన్-సెప్టెంబరు మధ్యనే పడుతుంది. అయితే కరీంనగర్ ప్రాంతపు ఎర్రచెలకలు, ఆదిలాబాద్ నల్లరేగళ్లు ఆ వానను ఒకే విధంగా స్వీకరించవు. కొత్తగా నాటిన మొక్క వేళ్లు పైపొర 10 సెం.మీ.లోనే ఉంటాయి. చెలకలో ఆ పొర మొక్కకు అందించగల నీరు సుమారు 12 మి.మీ. మాత్రమే. రోజుకు 4-5 మి.మీ. ఆవిరైతే రెండు మూడు రోజులలో అది అయిపోతుంది. రేగడిలో ఇందుకు భిన్నంగా నీరు నిలిచి, మట్టి రంధ్రాలలోని గాలిని వెళ్లగొడుతుంది. ప్రాణవాయువు అందని వేరు నీటిని పీల్చుకోలేదు.

నాటే రోజు

25-30 రోజుల వయసు, నాలుగైదు ఆకులు గల నారును ఎంచుకోవాలి. నాటడానికి మూడు నాలుగు రోజుల ముందు నారుమడికి నీరు తగ్గించి, తీసే రోజు ఉదయం తడి ఇవ్వాలి. రేగడిలో తప్పనిసరిగా ఎత్తు బోదెలపై నాటి, మురుగు కాలువలు తీయాలి. నారుమడిలో ఉన్న లోతుకు మించి కాండాన్ని పూడ్చరాదు. ప్రోట్రే నారులో కొబ్బరిపొట్టు ఉండ పైకి కనిపించకుండా పలుచగా మట్టి కప్పాలి. లేనిచో చుట్టూ తేమ ఉన్నా ఉండ త్వరగా ఆరిపోతుంది. సాయంత్రం వేళ నాటి, వెంటనే తేలికపాటి తడి ఇవ్వాలి.

వాడిన మొక్కలో రెండు కారణాలు

క్షేత్రస్థాయిలో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. నీరు చాలని మొక్క వాడుతుంది, నీరు ఎక్కువైన మొక్కా వాడుతుంది. రెండో దానిని మొదటిదిగా భావించి మళ్లీ తడి ఇచ్చినచో వేరుకుళ్లు, మొదలుకుళ్లు తెగుళ్లకు మార్గం వేసినట్లే. మధ్యాహ్నం వాడి సాయంత్రానికి తేరుకొనే మొక్కకు భయం లేదు. తెల్లవారుజామున కూడా తలవాల్చి ఉన్న మొక్క దగ్గరే మట్టిని పరీక్షించాలి.

మొక్కకు బెత్తెడు దూరంలో 5 సెం.మీ. లోతు మట్టిని తీసి పిడికిట బిగించాలి. ఉండ కట్టకుండా రాలిపోతే తడి ఇవ్వాలి. ఉండ కట్టి వేళ్లకు అంటకపోతే ఆగాలి. వేళ్లకు జిగటగా అంటుకుంటే తడి ఆపి, మురుగు తీయాలి. చెలకలో వాన లేని రోజులలో రెండు మూడు రోజులకొక తేలికపాటి తడి అవసరమవుతుంది. రేగడిలో సన్న నెర్రెలు మొదలయ్యే వరకు వేచి ఉండరాదు, అలాగని వాన పడిన వారంలో తడి తలపెట్టరాదు. మొదలు కుళ్లుతున్న చోట లీటరు నీటికి 3 గ్రా. కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ల చుట్టూ పోయాలి. వేళ్లు కుదురుకొనే వరకు మొదట్లో యూరియా వేయరాదు.

ఖాళీల పూరింపు

60×45 సెం.మీ. దూరంలో ఎకరాకు సుమారు 15,000 మొక్కలు పడతాయి. చనిపోయిన వాటి స్థానంలో వారం లోపే, అదే వయసు నారుతో తిరిగి నాటాలి. ఇందుకు కొంత నారును అదనంగా పెంచుకోవడం మేలు. పదిహేను రోజుల తరువాత నాటినవి దీపావళికి పనికివస్తాయి గాని బతుకమ్మకు అందవు. తల తుంచడం కొమ్మలను పెంచినప్పటికీ పూతను ఆలస్యం చేస్తుంది. కనుక ఆలస్యంగా నాటిన తోటలో దానిని మానుకోవాలి.

ముగింపు

"రోజు విడిచి రోజు తడి ఇవ్వండి" అన్న సలహా వినడానికి సులువు. కాని అదే సలహా చెలకలో మొక్కను కాపాడి రేగడిలో చంపగలదు. విస్తరణ శాస్త్రవేత్తలు రైతుకు తడుల పట్టిక ఇచ్చే బదులు, పొలంలో నిలబడి పిడికిలి పరీక్షను చేసి చూపడం, పండుగ తేదీ నుండి వెనక్కు లెక్కించి నారు పోసే రోజును తేల్చి చెప్పడం ఎక్కువ ప్రయోజనకరం.